సంఖ్యకు అందని చోటు

పాఠ్యపరిచయం

పాత కంప్యూటరుకు కొత్త హార్డ్ డిస్కును అమర్చినప్పుడు అందులోని చోటంతా వాడుకకు రాకపోవడం చాలామందికి ఎదురైన చిక్కే. ఆ అవరోధానికి మూలం ఎక్కడున్నదో, దానిని దాటే మార్గాలేవో, దాటేటప్పుడు పొంచి ఉండే ప్రమాదమేమిటో ఈ పాఠం వివరిస్తుంది. యంత్రానికి సంబంధించిన సమస్యగా కనిపించే దాని వెనుక మనిషి వేసుకొన్న లెక్క ఎట్లా దాగి ఉంటుందో విద్యార్థులు గ్రహించడం ఈ పాఠ్యాంశ ముఖ్యోద్దేశం.

తాటాకు నుండి డిస్కు వరకు

పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) కడపలో ఒక బంగళా కొని, అందులో పండితులను, లేఖకులను నియమించి తెలుగు గ్రంథాలకు ప్రతులు వ్రాయించాడు. వివిధ ప్రాంతాల నుండి తెప్పించిన తాళపత్ర ప్రతులను ఒకదానితో ఒకటి సరిపోల్చి, పాఠాలను పరిష్కరింపజేసి, కాగితం మీదికి ఎక్కించే ఆ పనికి తన సొంత సొమ్మును ధారపోశాడు. ఆ చోటు 'బ్రౌన్ కాలేజీ'గా పేరు పొందింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదల ఫలితంగా ఆ స్థలంలోనే వెలసిన సి.పి. బ్రౌన్ గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రంగా ఎదిగి, యోగి వేమన విశ్వవిద్యాలయ పరిధిలో పనిచేస్తున్నది.

తాటాకు మీది అక్షరాన్ని కాగితం మీదికి ఎక్కించడం ఆనాటి అవసరం. తాటాకును, శిథిలమవుతున్న కాగితాన్ని చిత్రాలుగా తీసి కంప్యూటరులో భద్రపరచడం ఈనాటి అవసరం. ఈ పనికి ఎంత చోటు కావాలో ఒక లెక్క వేసి చూడవచ్చు. పదిహేను అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పు గల ఒక పత్రాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున, చుక్కకు మూడు బైట్ల రంగు వివరంతో, ఏ కుదింపూ లేకుండా చిత్రంగా తీస్తే ఒక్క పక్కకే 81 లక్షల బైట్లు, అంటే 8.1 మెగాబైట్లు అవుతుంది. నూరు పత్రాల గ్రంథానికి రెండు పక్కలా కలిపి 200 చిత్రాలు. మొత్తం 1.62 గిగాబైట్లు.

కర్నూలు, కడప ప్రాంతాలలోని ఒక చిన్న గ్రంథాలయం ఇటువంటి పనికి పూనుకొన్నదని ఊహించండి. దాని చేతిలో ఉన్నది ఎవరో దానంగా ఇచ్చిన పాత కంప్యూటరు. ఉన్న డిస్కు నిండిపోయింది. చందాలు పోగుచేసి పెద్ద డిస్కు కొని తగిలించారు. కంప్యూటరు మాత్రం అందులో కొంత భాగాన్నే గుర్తిస్తున్నది. కొన్న చోటు డిస్కులోనే ఉన్నది, అయినా అందడం లేదు. ఎందువల్ల?

సర్వే సంఖ్య, సెక్టారు సంఖ్య

హార్డ్ డిస్కు లోపల అయస్కాంతపు పూత పూసిన పళ్ళేలు నిమిషానికి వేలసార్లు తిరుగుతూ ఉంటాయి. వాటి ఉపరితలం వలయాలుగాను, ప్రతి వలయం 'సెక్టార్లు' అనే చిన్న తునకలుగాను విభజింపబడి ఉంటుంది. చిరకాలం ఒక్కొక్క సెక్టారు పరిమాణం 512 బైట్లుగా ఉండేది. కంప్యూటరు ఏ సమాచారాన్ని వ్రాయాలన్నా, చదవాలన్నా ముందుగా ఆ సెక్టారు సంఖ్యను చెప్పాలి. సంఖ్య చెప్పలేని సెక్టారులో అది ఏమీ వ్రాయలేదు, ఏమీ చదవలేదు.

రాయలసీమ వారికి ఈ పద్ధతి కొత్తది కాదు. 1800 నుండి 1807 వరకు దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో పొలం పొలాన్నీ కొలిపించి, శిస్తును నేరుగా రైతు పేర నిర్ణయించే రైత్వారీ పద్ధతిని ఈ సీమలో నెలకొల్పాడు. కాలక్రమంలో ప్రతి చేనుకూ ఒక సర్వే సంఖ్య స్థిరపడింది. అమ్మకానికైనా, అప్పుకైనా, తగవుకైనా ఆ సంఖ్యే ఆధారం.

ఒక ఊరి దస్త్రంలో సర్వే సంఖ్య వ్రాయడానికి మూడు గళ్ళే ఉన్నాయనుకొందాం. 000 నుండి 999 వరకు వేయి చేలకు సంఖ్య దొరుకుతుంది. ఆపై చేను నేల మీద ఉంటుంది, దాని మీద వాన కురుస్తుంది, అందులో కొర్ర పండుతుంది. దస్త్రంలో మాత్రం అది ఉండదు. లోపం నేలలో లేదు, గళ్ళలో ఉన్నది.

కంప్యూటరు అంకెలు రెండే: సున్న, ఒకటి. ఒక్కొక్క గడిని 'బిట్' అంటారు. పది బిట్లతో 1,024 సంఖ్యలు, పదహారు బిట్లతో 65,536 సంఖ్యలు మాత్రమే వ్రాయగలం. చిరునామాకు ఎన్ని బిట్లు కేటాయించాలో నిర్ణయించిన రోజుననే ఆ యంత్రానికి హద్దు ఏర్పడిపోతుంది. పాత కంప్యూటర్లలో కనిపించే పరిమితులన్నీ స్థూలంగా ఈ ఒక్క కారణం నుండి పుట్టినవే.

రెండు దస్త్రాల తగవు

తొలినాళ్ళలో సెక్టారు చిరునామాను మూడు భాగాలుగా వ్రాసేవారు. పళ్ళేలన్నింటి మీద ఒకే దూరంలో ఉన్న వలయాల సముదాయం 'సిలిండర్'. ఏ పళ్ళెపు ఏ ముఖమో తెలిపేది చదివే 'తల'. ఆ వలయంలో ఎన్నవ తునకో తెలిపేది సెక్టారు సంఖ్య. కంప్యూటరును మేల్కొలిపే తొలి ప్రోగ్రామైన 'బయోస్' సిలిండరుకు 10 బిట్లు, తలకు 8 బిట్లు, సెక్టారుకు 6 బిట్లు కేటాయించింది. డిస్కు తయారీదారుల ప్రమాణం సిలిండరుకు 16 బిట్లు, తలకు 4 బిట్లు, సెక్టారుకు 8 బిట్లు కేటాయించింది.

విడివిడిగా చూస్తే రెండూ ఉదారమైనవే. బయోస్ లెక్కతో 8.4 గిగాబైట్ల వరకు, డిస్కు లెక్కతో దాదాపు 137 గిగాబైట్ల వరకు చిరునామా ఇవ్వవచ్చు. కాని ఒకరి దస్త్రం మరొకరు చదవవలసి వచ్చినప్పుడు ప్రతి గడిలోను ఇద్దరికీ సరిపడే చిన్న సంఖ్యే చెల్లింది. సిలిండర్లు 1,024, తలలు 16, సెక్టార్లు 63. వీటిని గుణించి 512తో హెచ్చిస్తే 52,84,82,304 బైట్లు, అంటే 528 మెగాబైట్లు. పైన చెప్పిన తాళపత్ర చిత్రాలు అందులో 65 మాత్రమే పడతాయి. ఒక్క గ్రంథంలో మూడవ వంతు కూడా కాదు.

దీనిని దాటడానికి ఇంజనీర్లు ఒక మధ్యవర్తిని ఏర్పరచారు. డిస్కు చెప్పే సిలిండర్ల సంఖ్యను సగం చేసి, తలల సంఖ్యను రెట్టింపు చేసి బయోస్‌కు చూపడం ఆ ఉపాయం. 2,048 సిలిండర్లు, 16 తలలు గల డిస్కు 1,024 సిలిండర్లు, 32 తలలు గల దానివలె కనిపిస్తుంది. నేల మారలేదు, దస్త్రంలో వ్రాసే తీరు మారింది. ఈ ఉపాయంతో 8.4 గిగాబైట్ల దాకా వెళ్ళగలిగారు. ఆ తరువాత మూడు భాగాల చిరునామానే విడిచిపెట్టి, మొదటి సెక్టారు నుండి చివరి సెక్టారు వరకు ఒకే వరుస సంఖ్యను ఇచ్చే పద్ధతి స్థిరపడింది.

ఆ వరుస సంఖ్యకు మొదట 28 బిట్లు కేటాయించారు. 26,84,35,456 సెక్టార్లకు అది సరిపోయింది. వాటి పరిమాణం 137.4 గిగాబైట్లు. నూరు పత్రాల గ్రంథాలు 84 పడతాయి. డిస్కులు ఆ అంచుకు చేరిన తరువాత, 2002లో ఆమోదం పొందిన ప్రమాణం చిరునామాను 48 బిట్లకు పెంచింది. విండోస్ ఎక్స్‌పీకి ఆ సౌలభ్యం 2002లోనే వచ్చిన మొదటి సర్వీస్ ప్యాక్‌తో సమకూరింది. అంతకు ముందటి వ్యవస్థలు అనేకం అదే పాత హద్దులో ఉండిపోయాయి.

మూడు హద్దులు

ఇంతవరకు చెప్పినవి డిస్కు చిరునామాకు సంబంధించిన హద్దులు. మరి రెండు హద్దులు ఉన్నాయి. ఈ మూడింటిని వేరుచేసి చూడలేకపోవడం వల్లనే చాలామంది తప్పుడు మందు వేస్తారు.

రెండవ హద్దు విభాగాల పట్టికది. ఒకే డిస్కును అనేక భాగాలు చేసి వాడుకొనే పద్ధతినే 'పార్టిషన్' అంటారు. ఒక చేనును గట్లు వేసి కయ్యలుగా చేసుకోవడం వంటిది ఇది. ఏ కయ్య ఎక్కడ మొదలై ఎంత దూరం ఉన్నదో తెలిపే పట్టిక డిస్కు మొదటి సెక్టారులో ఉంటుంది. పాత పద్ధతి పట్టికలో నాలుగు పద్దులకే చోటున్నది. ప్రతి పద్దులోను ఆరంభానికి 32 బిట్లు, పరిమాణానికి 32 బిట్లు. కనుక 512 బైట్ల సెక్టార్లు గల డిస్కులో ఒక విభాగం దాదాపు 2.2 టెరాబైట్లను మించలేదు. అంతకు మించిన డిస్కులకు 64 బిట్ల సంఖ్యలు వాడే 'జి.పి.టి.' అనే కొత్త పట్టిక వచ్చింది. అది తన నకలును డిస్కు చివర కూడా ఉంచుకొంటుంది. అయితే 32 బిట్ల విండోస్ ఎక్స్‌పీ ఈ పట్టికను చదవలేదు.

మూడవ హద్దు ఫైళ్ళ వ్యవస్థది. ఒక విభాగంలో ఏ ఫైలు ఎక్కడున్నదో వ్రాసుకొనే ఖాతా అది. డాస్ 3.3 నాటికి ఒక విభాగం 32 మెగాబైట్లను దాటేది కాదు. సెక్టార్ల లెక్కకు 16 బిట్లే ఉండడం అందుకు కారణం. సెక్టార్లను గుంపులుగా చేసి గుంపుకు ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి అప్పటికే ఉన్నది. తరువాత సెక్టార్ల లెక్కకు బిట్లు పెంచారు. గుంపు పరిమాణాన్ని 32 కిలోబైట్ల వరకు పెంచి విభాగాన్ని 2 గిగాబైట్లకు చేర్చారు. అయితే గుంపును పంచుకోవడానికి వీలులేదు. ఒక కిలోబైటు ఉత్తరం కూడా 32 కిలోబైట్ల చోటును ఆక్రమిస్తుంది. హద్దు జరిగినా, దుబారా పెరిగింది. 1996లో వచ్చిన 'ఫ్యాట్ 32' ఈ ఇబ్బందిని చాలావరకు తీర్చింది. కాని అందులోనూ ఒక ఫైలు 4 గిగాబైట్లను చేరలేదు.

విభాగాలు చేయడం మూడవ హద్దుకు మందు. పాత డాస్‌లో 8 గిగాబైట్ల డిస్కును నాలుగైదు విభాగాలు చేసి అంతటినీ వాడుకోవచ్చు. మొదటి హద్దుకు అది మందు కాదు. సర్వే సంఖ్య లేని నేలలో గట్లు వేసినంత మాత్రాన దానికి సంఖ్య రాదు. చిరునామాకు అందని సెక్టార్లను ఎన్ని ముక్కలుగా విభజించినా అవి అందవు.

హద్దు కాని హద్దు

80 గిగాబైట్ల డిస్కు కొంటే కంప్యూటరు 74.5 అని చూపడం చూసి మోసపోయామనుకొనేవారు ఉంటారు. ఇది కొలమానాల తేడా మాత్రమే. తయారీదారులు గిగాబైటు అంటే వంద కోట్ల బైట్లని లెక్కిస్తారు. విండోస్ 107,37,41,824 బైట్లను ఒక గిగాబైటుగా చూపుతుంది. ఒకే రాశిని పెద్ద సేరుతో కొలిస్తే సేర్లు తక్కువ రావడం వంటిదిది. 137 గిగాబైట్ల హద్దు కొన్ని తెరల మీద 128గా కనిపించడానికి కారణమూ ఇదే. కొత్త డిస్కు తక్కువ చూపినప్పుడు మొదట ఈ లెక్క సరిచూసుకోవాలి.

పొంచి ఉన్న ప్రమాదం

హద్దు వద్ద కంప్యూటరు ఆగిపోతే నష్టం లేదు. ఆగకుండా ముందుకు పోవడమే ప్రమాదం. మూడు గళ్ళ దస్త్రం గల కరణం 1012వ చేనును నమోదు చేయబోయి, చివరి మూడంకెలే వ్రాసుకొన్నాడనుకొందాం. ఆ పద్దు 012వ చేను మీద పడుతుంది. కొత్త రైతుకు చేను దక్కదు, పాత రైతు చేనూ పోతుంది.

48 బిట్ల చిరునామా తెలియని పాత వ్యవస్థలో సరిగా ఇదే జరగవచ్చు. 137.4 గిగాబైట్లు దాటిన తరువాతి సెక్టారుకు వ్రాయబోతే పై బిట్లు రాలిపోయి ఆ సంఖ్య సున్న అవుతుంది. సున్నా సంఖ్య గలది డిస్కు మొదటి సెక్టారు. విభాగాల పట్టిక ఉండేది అక్కడే. ఎనభై అయిదవ గ్రంథాన్ని దాచబోతే మొదటి ఎనభై నాలుగు గ్రంథాలకూ దారి మూసుకుపోతుంది. డిస్కు అమర్చిన రోజున ఏ లోపమూ కనిపించదు. చోటు నిండుతూ వచ్చి, హద్దు దాటిన రోజున, నెలల శ్రమ ఒక్కసారిగా పోతుంది. పరిమితిని తెలుసుకోకుండా దాటడం కన్న పరిమితి లోపల ఉండడమే మేలని చెప్పడానికి ఇది చాలు.

దాటే మార్గాలు

అన్నిటికన్న ముందు చేయవలసినది ఉన్న సమాచారానికి వేరొక డిస్కు మీద ప్రతి తీసుకోవడం. ఆ తరువాతనే మార్గాన్వేషణ.

మొదటి మార్గం బయోస్‌కు తయారీదారులు ఇచ్చిన కొత్త రూపాన్ని ఎక్కించడం. దొరికితే ఇది ఉత్తమం. ఆ పని జరుగుతుండగా కరెంటు పోతే కంప్యూటరు మేల్కొనకపోవచ్చు. అందువల్ల యు.పి.ఎస్. ఉన్నప్పుడే పూనుకోవాలి.

రెండవ మార్గం సొంత బయోస్ గల కార్డును కంప్యూటరు పి.సి.ఐ. గాడిలో అమర్చి, డిస్కును దానికి తగిలించడం. పాత బోర్డు పరిమితితో డిస్కుకు ఇక సంబంధం ఉండదు. ఆపరేటింగ్ సిస్టం కూడా ఆ పరిమాణానికి తగినదై ఉండాలి.

మూడవది, బయోస్ మీద ఆధారపడక డిస్కును తానే చదవగల లినక్స్ వంటి వ్యవస్థను వాడడం. ఇక్కడ విభాగాలు నిజంగా ఉపకరిస్తాయి. వ్యవస్థను లేపే ఫైళ్ళను బయోస్‌కు అందే తొలి భాగంలో చిన్న విభాగం చేసి ఉంచితే చాలు. వ్యవస్థ లేచిన తరువాత మిగిలిన చోటును అదే చూసుకొంటుంది.

నాల్గవది డిస్కులతో పాటు కొందరు తయారీదారులు ఇచ్చిన మధ్యవర్తి ప్రోగ్రాము. అది మొదటి సెక్టారులో కూర్చుండి, ఆపరేటింగ్ సిస్టం కన్న ముందే లేచి, చిరునామాలను మార్చి చెబుతుంది. ఖర్చు లేని ఉపాయమే. కాని ఆ సెక్టారు చెడినా, డిస్కును మరొక కంప్యూటరుకు తగిలించినా లోపలి గ్రంథాలు కనిపించకపోవచ్చు. తాళం ఒక ఇంట, తాళంచెవి మరొక ఇంట ఉండడం వంటిదిది. అపురూపమైన సమాచారానికి ఇది తగదు.

ఇవేవీ కుదరకపోతే పాత కంప్యూటరును చిత్రాలు తీయడానికి మాత్రమే ఉంచుకొని, వాటిని నెట్‌వర్క్ ద్వారా కొత్త కంప్యూటరులో దాచడం వివేకం. ఏ మార్గం అనుసరించినా పరీక్ష తప్పనిసరి. ఖాళీ డిస్కును హద్దు దాటేవరకు పనికిరాని ఫైళ్ళతో నింపి, మొదటి ఫైళ్ళూ చివరి ఫైళ్ళూ చెక్కుచెదరకుండా తెరుచుకొంటున్నాయని నిర్ధారించుకొన్న తరువాతనే దానికి గ్రంథాలను అప్పగించాలి.

ఉపసంహారం

సంవత్సరాన్ని రెండంకెలతో వ్రాసుకొన్న కంప్యూటర్లు 2000 సంవత్సరం రాగానే తడబడతాయని ప్రపంచమంతా కలవరపడింది. ఆ కలవరానికీ, డిస్కు హద్దుకూ మూలం ఒకటే. ఆనాడు చాలుననుకొన్న గళ్ళు ఈనాడు చాలవు. వాటిని నిర్ణయించినవారు అవివేకులు కారు. 1983లో ఐ.బి.ఎం. ఎక్స్‌టీ కంప్యూటరుతో వచ్చిన డిస్కు 10 మెగాబైట్లది. అప్పుడు 528 మెగాబైట్లు ఎవరి ఊహకూ అందని సంపద. నేటి 48 బిట్లు కూడా ఒకనాటికి చాలకపోవచ్చు.

అందువల్ల గ్రంథాన్ని కాపాడేది డిస్కు పరిమాణం ఒక్కటే కాదు. బ్రౌన్ ఒక కావ్యానికి ఒకే ప్రతితో తృప్తిపడలేదు. అనేక ప్రతులు సేకరించాడు, సరిపోల్చాడు, మళ్ళీ వ్రాయించాడు. ఆయన సేకరించిన వ్రాతప్రతులు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో నేటికీ పరిశోధకులకు ఉపకరిస్తున్నాయి. తాటాకుకు చెదలు శత్రువైతే, వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఈ సీమలో డిస్కుకు ఎండ, దుమ్ము శత్రువులు. ప్రతికి ప్రతి తీసి, రెండు వేర్వేరు చోట్ల ఉంచి, ఏటేటా తెరిచి చూసుకొనే శ్రద్ధ తాళపత్రానికి ఎంత అవసరమో డిస్కుకూ అంతే అవసరం.

కఠిన పదాలు – అర్థాలు

అవరోధం = అడ్డు
లేఖకుడు = వ్రాయసగాడు
దస్త్రం = లెక్కల కాగితాల కట్ట
శిస్తు = భూమి పన్ను
కయ్య = గట్లు వేసి విడదీసిన చేని భాగం
పద్దు = లెక్కలో వ్రాసిన వివరం
అపురూపం = అరుదుగా లభించేది

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. 'లోపం నేలలో లేదు, గళ్ళలో ఉన్నది.' ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. పాత కంప్యూటరులో డిస్కు పరిమితిని దాటే మార్గాలను, వాటి గుణదోషాలను వివరించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. 528 మెగాబైట్ల హద్దు ఎట్లా ఏర్పడింది?
2. విభాగాలు చేయడం ఏ హద్దుకు మందు? ఏ హద్దుకు కాదు? ఎందువల్ల?
3. హద్దు దాటి వ్రాసినప్పుడు పాత సమాచారం ఎందుకు నశిస్తుంది?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. బ్రౌన్ బంగళాకు వచ్చిన పేరు ఏది?
2. 'బిట్' అనగానేమి?
3. 80 గిగాబైట్ల డిస్కు 74.5గా కనిపించడానికి కారణమేమి?

IV. విడదీసి, సంధి పేరు తెలపండి
పూర్వార్ధం, గ్రంథాలయం, ముఖ్యోద్దేశం, మార్గాన్వేషణ